సముద్రం మీది గంటలు

తొంభై ఆరు, కాదు తొంభై ఎనిమిది, మధ్యలో ఎవరో స్ట్రెచర్ ఈడ్చుకుపోయారు, ఆ చప్పుడులో రెండు తప్పాయి, మళ్లీ మొదట్నుంచి, నాడి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట అని ఈ ఎమర్జెన్సీ వార్డులో ఆయాకి కూడా తెలుసు, కానీ ఇవాళ ఆ నిమిషం నాకే దొరకడం లేదు, కింద కారు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది, పదిన్నర కావస్తోంది, శ్రీకాకుళం నుంచి విజయనగరం గంటన్నర అనుకుంటాం గాని రోడ్డు పనులు ఎక్కడ తగిలితే అక్కడ అరగంట, రెండున్నరకి మీటింగు, భోజనాలకే వచ్చెయ్యండి అనూరాధ గారూ అని నరసింగరావు గారు పొద్దున్నించి మూడుసార్లు ఫోను చేశారు, రెండు జిల్లాల అత్యవసర వైద్యం చూసే కమిటీకి ఆయన కన్వీనరు, ఇవాళ ఆ కమిటీలో నా సంతకం పడాలి, నా పేపరు మీద ఆధారపడి రాసిన సూచనల కాగితం అది, సంతకం పడితే ఒకటో తారీకు నుంచి ప్రతి చిన్న ఆసుపత్రి గోడకీ అంటిస్తారు, తొంభై ఎనిమిది, ఇప్పుడు సరిగ్గానే వచ్చింది, వందలోపే, వందలోపు అంటే మన లెక్కలోనే ఉంది, కూర్మయ్య చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది, తాళ్లు లాగి లాగి గట్టిపడిన అరచెయ్యి, యాభై రెండేళ్లు, నౌపడ దాటాక సముద్రం పక్క ఊరు, ఫైబర్ బోటు మీద వేటకి వెళ్లే మనిషి, తెల్లవారి ఐదింటి నుంచి బొడ్డు పైన నొప్పి, తొమ్మిదింటికి నూట ఎనిమిది అంబులెన్సులో దింపారు, ఎక్స్‌రేలో కాలేయం పైన సన్నటి గాలి చార, అంటే చిన్నపేగు మొదట్లో పుండు ఉండి అది చిల్లు పడింది, ఇందులో అనుమానం ఏమీ లేదు, అనుమానమల్లా కొయ్యాలా వద్దా అన్నదే, దానికే కదా నేను ఆరేళ్లు పెట్టింది, పక్కన గిరిబాబు కేస్‌షీటు పట్టుకుని పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు, ఐదున్నర గంటలు మేడమ్, నాడి వందలోపు, బీపీ నూట పది, పైకడుపులోనే బిగుతు, కింద మెత్తగా ఉంది, అన్నీ మన నిబంధనల్లోనే ఉన్నాయి, ముక్కులోంచి గొట్టం వేసేశాను, యాంటీబయాటిక్స్ మొదలెట్టాను, కోత లేకుండా చూద్దాం, మీరు బయల్దేరండి. వాడు నా శిష్యుడు, ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసరు, పేపరు మీద రెండో పేరు వాడిదే, వాళ్లమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టిందట, నా ఇంట్లో అయితే అది బీరువాలో చీరల కింద ఉంది, దాచుకున్నట్టు కనిపించకూడదని అక్కడ దాచాను.

నాకు ఆ పేపరంటే గర్వం, ఎందుకు అబద్ధం చెప్పాలి, రెండు వందల పద్నాలుగు మంది రోగులు, ఆరేళ్లు, పేగు చిల్లుపడి వచ్చినవాళ్లందరికీ పొట్ట కోసెయ్యక్కర్లేదు, నొప్పి మొదలై పన్నెండు గంటల లోపు వస్తే, నాడి నెమ్మదిగా ఉంటే, కడుపంతా బిగుసుకుపోకపోతే, గొట్టం వేసి, మందులిచ్చి కనిపెట్టుకుని కూర్చుంటే ఆ చిల్లు మీదికి పక్కనున్న కొవ్వుపొర వచ్చి అతుక్కుని దానంతటదే మూసుకుంటుంది, ఇది నేను కనిపెట్టింది కాదు, పాత సంగతే, మన జిల్లాల్లో, మన మనుషుల్లో, ఎన్ని గంటల దాకా ధైర్యం చెయ్యొచ్చో లెక్క తేల్చింది మాత్రం నేను, ఎనభై ఎనిమిది మందిని కొయ్యకుండా ఉంచాం, నలుగురే పోయారు, ఎనభై నలుగురు నడిచి ఇంటికి వెళ్లారు, పొట్ట కోసిన మత్స్యకారుడు ఆరు నెలలు వల లాగలేడు, లాగితే కుట్ల దగ్గర ఉబ్బు వస్తుంది, ఆ ఉబ్బుకి గుడ్డ బిగించి కట్టుకుని సముద్రం మీదికి పోయినవాళ్లని నేను కళ్లారా చూశాను, అక్కడ మొదలైంది ఇదంతా, పేరు కోసం కాదు, కనీసం మొదట్లో పేరు కోసం కాదు, తరవాత పేరు వచ్చింది, వచ్చాక అది నచ్చింది కూడా, నచ్చకూడదా, చీపురుపల్లి పక్క పల్లెలో వరీ గోగూ పండించుకునే ఇంటి పిల్లని, మా నాన్నకి చేతి గడియారం అంటే ప్రాణం, పొలం గట్టు మీద కూడా తీసేవాడు కాదు, జ్వరం వస్తే తెల్లవారి నాలుగుంబావుకి చలి మొదలైంది, పది నిమిషాలు తక్కువ ఐదుకి తగ్గింది అని డాక్టరుకి చెప్పేవాడు, ఆ డాక్టరు నవ్వేవాడు, నేను నవ్వేదాన్ని కాదు, నొప్పి అంటే గడియారం చూసి చెప్పేది అని అక్కడే నాకు అలవాటైపోయింది, అందుకే మా ఫారంలో మొట్టమొదటి గడి అదే, నొప్పి మొదలైన గంట, ఖాళీగా వదిలితే గిరిబాబు లాంటి వాళ్లకి నా చేత చీవాట్లే, దాన్నుంచే కదా ఆ పేరా పుట్టింది, నాకు పేపరు మొత్తంలో ఇష్టమైన పేరా, మన దగ్గర పేగు చిల్లులు ఎక్కువగా తెల్లవారుజామున నాలుగుకీ ఆరుకీ మధ్య పడుతున్నాయి, రాత్రి ఖాళీ కడుపులో ఆమ్లం పెరగడం దీనికి కారణం కావచ్చు అని, గ్రాఫులో ఆ గంటల దగ్గర గీత నిలువుగా లేచి ఉంటుంది, రివ్యూ చేసిన ఆయనెవరో ఇది చాలా ఆసక్తికరమైన పరిశీలన అని రాశాడు, ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే సిగ్గుచేటు.

సరే వెళ్తాను, గంటకోసారి నాడి చూడు, వంద దాటితే ఫోను చెయ్యి అని గిరిబాబుకి చెప్పి చెయ్యి వదిలేశాను, లేచాను కూడా, మంచం పట్టె దగ్గర కూర్మయ్య భార్య లక్ష్మణమ్మ నేల మీద కూలబడి ఉంది, గంప దించి నేరుగా అంబులెన్స్ ఎక్కేసినట్టుంది, చీర కుచ్చెళ్లకి ఇంకా పొలుసులు ఉన్నాయి, పక్కన స్టీలు క్యారేజీ, ఆసుపత్రికి క్యారేజీ తెచ్చుకున్నావా అమ్మా, ఆయనకి ఏమీ పెట్టకూడదు, మంచినీళ్లు కూడా, అని అన్నాను, ఊరికే, వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆమె దాన్ని దగ్గరికి లాక్కుని, ఇది ఈయనకి కాదమ్మా, ఈయన ఒట్టుకొచ్చిందే, నిన్న తెల్లారగట్ల కట్టి ఇచ్చినాను, గంజన్నం, ఎండుసేప పులుసు, అలగే ఒట్టుకొచ్చీసినాడు, ముట్టనేదు, పారీడానికి మనసొప్పక సేతిలో ఉండిపోనాది, అంది, నేను సరే అమ్మా అని రెండు అడుగులు వేశాను, తలుపు దాకా వచ్చేశాను, నిన్న తెల్లవారి కట్టిన అన్నం, వేటకి వెళ్లిన మనిషి, రోజంతా తాళ్లు లాగే మనిషి, మధ్యాహ్నం అన్నం ముట్టలేదు, రాత్రి అన్నం ముట్టలేదు, ఇవాళ ఐదింటికి నొప్పి మొదలైనవాడు నిన్న పన్నెండింటికి ఎందుకు తినలేదు, చేపలు పడక దిగులేమో, బోటులో ఇంకెవరైనా వండారేమో, నా కాళ్లు ఆగిపోయాయి, నేను ఆపలేదు, వెనక్కి వచ్చాను, గిరిబాబు కేస్‌షీటు మూసి మళ్లీ తెరిచాడు, కూర్మయ్యా, నిన్న అన్నం ఎందుకు తినలేదు అని అడిగాను, ముక్కులో గొట్టం, గొంతు గీసుకుపోతోంది, అయినా మర్యాదగా లేవబోయాడు, వద్దు పడుకో అన్నాను, సయించనేదమ్మా అన్నాడు, ఎందుకు సయించలేదు, భార్య వైపు చూశాడు, మళ్లీ పైకప్పు వైపు చూశాడు, నా గొంతు పెరిగింది, నాకు కోపం తొందరగా వస్తుంది, అడుగుతున్నాను కదా, ఎప్పుడు వచ్చింది నొప్పి, నిజం చెప్పు, ఐదింటికేనా, ఐదింటికేనమ్మా ఒడ్డు తొక్కినాను, నొప్పి సంగతి అడుగుతున్నాను, అప్పుడేనమ్మా సెప్పినాను, చెప్పింది కాదు నాయనా, వచ్చింది ఎప్పుడు. అప్పుడు చెప్పాడు, నెమ్మదిగా, నాకు తెలియనిది చెబుతున్నట్టు కాదు, అందరికీ తెలిసిందే నేను మళ్లీ ఎందుకు అడుగుతున్నానో అన్నట్టు, నిన్న మద్దేనం, పొద్దు నెత్తి మీదికొచ్చినాది, రెండో వల లాగతన్నాం, కత్తెట్టి పొడిసీసినట్టయినాది, ముడుసుకొని తొంగున్నాను, ఆల్లు బరకం కప్పీసినారు, మరి నాకు ఐదింటి నుంచి అని ఎందుకు చెప్పావు, గంగ మీద నొప్పి నొప్పి కాదమ్మా, వీళ్లకి గంగ అంటే సముద్రం, ఒకడు నొప్పన్నాడంటే బోటు తిప్పీయాల, అందరి యాటా పోతాది, అందుకే అక్కడ ఎవుడూ అనడు, పక్కోడు సూసినా అడగడు, ఏటైనా ఒడ్డు తొక్కినాకే, మా తాత కాడ్నుంచీ అంతే. లక్ష్మణమ్మ కూడా తల ఊపింది, అంతే గదమ్మా అంది, ఆమెకి ఇందులో వింత ఏమీ లేదు, మొగుడు నిన్నటి నుంచి చిల్లుపడ్డ పేగుతో ఉన్నాడని ఆమె ఇప్పుడే విన్నది, అయినా తప్పు పట్టలేదు, క్యారేజీ మూత మాత్రం తీసి చూసి మళ్లీ పెట్టేసింది.

ఇరవై రెండు గంటలు, ఐదున్నర కాదు ఇరవై రెండు, నేను మళ్లీ పొట్ట మీద చెయ్యి పెట్టాను, కింద మెత్తగానే ఉంది, మెత్తగా ఎందుకుంది, ఊళ్లో ఏదైనా సూదిమందు వేశారా, ఏయించినామమ్మా ఆరింటికి, నొప్పి తగ్గినాది అంది లక్ష్మణమ్మ, తగ్గకేం చేస్తుంది, ఆ సూది నొప్పినీ మూసేసింది, నా కళ్లనీ మూసేసింది, పక్కకి తిప్పి నడుం మీద నొక్కితే మనిషి పళ్లు బిగించాడు, అరవలేదు, అరవడం ఒడ్డు మీద కూడా నేర్చుకోలేదు కాబోలు, నాడి చూశాను, నూట ఆరు, గిరిబాబు చూశాడు, నూట నాలుగు మేడమ్ అన్నాడు, మీరు గట్టిగా మాట్లాడారు కదా అందుకు పెరిగి ఉంటుంది అన్నాడు, వాడి ముఖంలో భయం కనబడుతోంది, రోగి గురించి కాదు, నా మొహం చూసి, నా మొహంలో ఏముందో నాకు తెలుసు, గ్రాఫు ఉంది, నాలుగుకీ ఆరుకీ మధ్య నిలువుగా లేచిన గీత, ఆమ్లం కాదు, రాత్రి ఖాళీ కడుపు కాదు, బోట్లు ఒడ్డుకి వచ్చే వేళ అది, నేను రాసింది పేగులు చిల్లుపడే గంట కాదు, వీళ్లు ఇసక తొక్కే గంట, ఇంకా ఘోరం, వేసవిలో ఆ గీత పడిపోతుంది, ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా, దానికీ నేను కారణం రాశాను, వేడి వల్ల ఆమ్లం లయ మారవచ్చు అని రాశాను, ఆ రెండు నెలలూ వేట నిషేధం, బోట్లన్నీ ఇసకలో బోర్లా పడుంటాయి, శ్రీకాకుళంలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నదాన్ని, ఆ నెలల్లో చేపలు దొరకవని మా వంటమనిషితో గొణిగినదాన్ని, అదే చేత్తో ఆమ్లం లయ అని రాశాను, నా అంత చదువుకున్న మొద్దు ఈ జిల్లాలో ఇంకొకరు లేరు, పోయిన నలుగురు, కొయ్యకుండా ఉంచి పోయిన నలుగురు, వాళ్లు ఏ ఊళ్లవాళ్లు, గిరీ ఆ నలుగురూ ఏ ఊళ్లు అన్నాను, వాడు ఫోనులో పాత షీటు తీశాడు, అన్నీ తీరం పక్క ఊళ్లే, నలుగురికీ నొప్పి తెల్లవారి నాలుగున్నర, ఐదు, ఐదు, ఐదున్నర, మేం రాసింది ఏమిటి, తెల్లవారుజామున మొదలయ్యే నొప్పి కొందరిలో ఎక్కువ తీవ్రంగా ఉండవచ్చు అని, ఫోను మోగింది, నరసింగరావు గారు, బయల్దేరారా మేడమ్ అన్నారు, ఇంకో ఐదు నిమిషాలు అన్నాను, ఎందుకన్నానో, అలవాటు, ఆయన ఉత్సాహంగా ఉన్నారు, మొదటి వాక్యం మీదే పెట్టామండీ అని చదివి వినిపిస్తున్నారు, నొప్పి మొదలై పన్నెండు గంటల లోపు వచ్చిన రోగులను పెద్దాసుపత్రికి పంపనవసరం లేదు, అక్కడే ఉంచి గమనించవలెను, అక్కడే అంటే ఎక్కడ, సర్జన్ లేని చోట, మత్తు డాక్టరు లేని చోట, తీరం పొడుగునా ఉన్న చిన్న ఆసుపత్రుల్లో, ఒక్కొక్కడూ ఇసక తొక్కి ఐదింటికి అని చెబుతాడు, ఫారం నింపుతారు, నా వాక్యం చూసి ఉంచేస్తారు, ఇది నలుగురితో పోయే లెక్క కాదు, ఫోను పెట్టేశాను, గిరిబాబు నెమ్మదిగా అన్నాడు, మేడమ్, ఇవాళే కోస్తే, మన నిబంధనల్లో పడ్డ కేసుని మనమే కోస్తే, విజయనగరంలో అడుగుతారు కదా, రేపు పొద్దున్న దాకా చూద్దాం, వాడి మాటలో దుర్మార్గం లేదు, అవి నా మాటలే, ఏళ్ల తరబడి వాడి చెవిలో పోసినవి, కాసేపు ఆగితే చిల్లు అదే మూసుకోవచ్చు, నిజంగానే మూసుకోవచ్చు, వందలో కొందరికి మూసుకుంటుంది, నేను కారెక్కి సంతకం చేసి రాత్రికి వచ్చేస్తే అప్పటికి తేలిపోతుంది, ఒక్క క్షణం ఆ దారి ఎంత సుఖంగా కనిపించిందో, ఏసీ కారు, భోజనం, నా పేరు పలికే మైకు, ఈ ఒక్క క్షణాన్నీ నేను ఎవరికీ చెప్పను, కానీ వచ్చింది. థియేటర్‌కి చెప్పు, మత్తు డాక్టర్ మురళీమోహన్ గారిని పిలువు, ఇప్పుడే, అన్నాను. లక్ష్మణమ్మ లేచి నిలబడింది, కోత నేదని ఆ డాట్రు బాబు సెప్పినాడు గదమ్మా, కోత ఏస్తే మరి యాటకెల్లడు గదా అంది, గిరిబాబు తల దించుకున్నాడు, చెప్పింది వాడు, చెప్పించింది నేను, కొన్నాళ్లు వెళ్లలేడు అన్నాను, కొయ్యకపోతే మనిషి దక్కకపోవచ్చు, పొద్దున్న చెప్పింది పొరపాటు లక్ష్మణమ్మా, పొరపాటు నాది, ఈ డాక్టరు బాబుది కాదు, ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, డాక్టర్లు ఆ మాట అనడం వినలేదేమో, అయితే కోసీయండి అంది, వేలిముద్ర వేస్తుంటే పొలుసు ఒకటి కాగితానికి అంటుకుంది.

మత్తు ఎక్కాక కూర్మయ్య ముఖం ఖాళీ అయిపోయింది, బొడ్డు పైన నిలువుగా గీత, చర్మం, కొవ్వు, కింద తెల్లటి పొర, నా చేతులకి ఈ దారి వచ్చు, తల ఎక్కడున్నా చేతులు పోతాయి, కానీ ఇవాళ తల కూడా చేతుల్లోకే వచ్చి కూర్చుంది, కొయ్యొద్దు కొయ్యొద్దు అని ఎవరైనా చెబితే బావుణ్ను, లోపల అంతా శుభ్రంగా ఉంటే, కొవ్వుపొర చక్కగా అతుక్కుని ఉంటే, ఐదు గంటల చిల్లే అయితే, అబద్ధం చెప్పింది కూర్మయ్యే అయితే, ఛీ, నేను ఏం కోరుకుంటున్నాను, మనిషి బాగుండాలనా నా పేపరు బాగుండాలనా, పేగుల్ని కప్పి ఉండే పెరిటోనియం పొర అంచు పట్టుకుని కత్తెర పెట్టాను, ముందు గాలి బుస్సుమంది, తరవాత వాసన, మాస్కులోంచి కూడా తెలిసిపోయింది, తరవాత మురికిగా, చిక్కగా, ఆకుపచ్చా పసుపూ కలిసిన నీరు, సక్షన్ సీసా నిండింది, రెండో సీసా పెట్టండి అన్నాను, పేగుల మీద తెల్లటి పొరలు, విరిగిన పాలు అంటుకున్నట్టు, పేగుకీ పేగుకీ మధ్య చీము గూడు కట్టుకుని ఉంది, ఐదారు గంటల్లో ఇలా కాదు, రెండేళ్లు చదివిన పిల్లకి కూడా తెలుస్తుంది, కాలేయాన్ని పైకి ఎత్తి పట్టుకో గిరీ, ఇంకొంచెం, అదిగో, పెసరబద్ద అంత చిల్లు, దాని అంచులు ఉబ్బి మెత్తబడి ఉన్నాయి, కుట్టు పట్టుకోవడం లేదు, మొదటి కుట్టు కోసుకుని వచ్చేసింది, అవతల నుంచి మురళీమోహన్ గారు బీపీ ఎనభై అన్నారు, ఎంతసేపు పడుతుంది అన్నారు, మీరు నిలబెట్టండి నేను ముగిస్తాను అన్నాను, దూరం నుంచి తీసుకుని వెడల్పుగా మూడు కుట్లు, ముడి వెయ్యకుండా ఉంచి, కొవ్వుపొర లాక్కొచ్చి చిల్లు మీద పరిచి, దాని మీద నెమ్మదిగా ముడి, బిగిస్తే తెగుతుంది, వదిలితే కారుతుంది, రెండింటికీ మధ్య, నా వేళ్ల కింద అది కూర్చుంది, కూర్చున్నట్టు తెలిసింది, వెచ్చటి సెలైను, ఒక లీటరు, రెండు, ఐదు, ఆరో లీటరుకి నీరు తేటగా వచ్చింది, బీపీ తొంభై ఆరు అన్నారు ఆయన, రేపు పొద్దున్నకి ఈ మనిషి ఉండేవాడు కాదు, ఇది లెక్క కాదు, నేను చేతులతో చూసింది, ఇది ఐదు గంటలది కాదు మేడమ్ అన్నాడు గిరిబాబు, పిచ్చివాడు, ఇంకా నాకే చెబుతున్నాడు.

కూర్మయ్యని ఐసీయూలోకి మార్చారు, వేళ్లు వెచ్చగా ఉన్నాయి, నాడి తొంభై, లక్ష్మణమ్మకి చెప్పాను, రెండు రోజులు గడవాలి గాని నాకు నమ్మకం ఉంది అన్నాను, ఆమె దణ్ణం పెట్టింది, దాన్ని తీసుకోలేక పక్కకి తిరిగిపోయాను, ఒంటిగంట దాటింది, కారు ఇంకా ఉంది, విజయనగరం వెళ్లే టైము ఇంకా ఉంది, గిరిబాబు చేతులు కడుక్కుంటూ మాట్లాడడం మొదలుపెట్టాడు, భయం పోయింది, ఆలోచన వచ్చినట్టుంది, మేడమ్, మనం దీన్ని సరిదిద్దుకోవచ్చు, పత్రికకి ఉత్తరం రాద్దాం, మత్స్యకారుల కేసులు వేరు చేసి మళ్లీ లెక్క కడదాం, అది ఇంకో పేపరు అవుతుంది కూడా, మన తప్పేముంది ఇందులో, మనం అడిగాం, వాళ్లు ఐదు అన్నారు, రాశాం, మనకెవరూ చెప్పలేదు కదా మేడమ్, అవును, మనకెవరూ చెప్పలేదు, ఎంత చక్కగా ఉంది ఆ మాట, నా బుర్ర అప్పుడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చేసింది, రోగులు తెలిపిన సమయంలో లోపాలున్నట్టు ఇటీవల మా దృష్టికి వచ్చినది, నిజాయితీ గల పరిశోధకులు అంటారు, చప్పట్లు కూడా కొడతారు, నరసింగరావు గారు కాగితం వెనక్కి తీసుకుని టీ ఇప్పిస్తారు, నేను తల ఊపబోయాను, నీళ్లు మోచేతుల మీంచి కారుతున్నాయి, ఎవరూ చెప్పలేదు, ఎవరూ, అప్పుడు ఓపీ గది తలుపు దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది, మూడేళ్ల కిందట, నలుగురిలో మూడో ఆయన భార్య, జగ్గమ్మ, పేరు కూడా గుర్తుంది, మొగుడి పెద్దకర్మ అయిన మర్నాడు బస్సెక్కి వచ్చింది, చీటీ లేదు, లైను లేదు, ఏం కావాలమ్మా, ఏదైనా సర్టిఫికెట్టా అన్నాను, సర్టిఫికెట్టు కాదమ్మా, మీరు కాయితం మీద తెల్లారి ఐదని రాసినారు గదా, అది తప్పమ్మా, ముందురోజు మద్దేనమే వచ్చినాదంట నొప్పి, బోటులో ఉన్నోల్లు నిన్న సెప్పినారు, మార్సీయండి, మారిస్తే ఇప్పుడు నీకేం వస్తుందమ్మా అన్నాను, విసుగ్గానే అన్నాను, బయట నలభై మంది ఉన్నారు, నాకేటొస్తాదమ్మా, ఇంకో మనిసొస్తే పనికొస్తాది గదా అంది. చదువు లేని మనిషి, మొగుడు పోయి పన్నెండు రోజులు, నలభై మైళ్లు బస్సులో వచ్చింది మా ఫారంలో ఒక గడి సరిచెయ్యడానికి, పేపరు మొదటి విడత, మూడేళ్ల లెక్కతో, అప్పటికే పత్రికకి వెళ్లి ఉంది, రివ్యూయర్లకి సమాధానాలు ఆ వారమే పంపాలి, నా టేబులు మీద గ్రాఫు ఉంది, ఆసక్తికరమైన పరిశీలన అన్న ఉత్తరం దాని పక్కనే ఉంది, పెన్ను నా చేతిలోనే ఉంది, ఒకసారి రాసింది మార్చకూడదమ్మా, రూలు ఒప్పుకోదు, వెళ్లిరా అన్నాను, అలాగేనమ్మా అని వెళ్లిపోయింది, ఆమె వెళ్లాక గ్రాఫు ఒకసారి చూశాను, చూశాను, ఇప్పుడు స్పష్టంగా గుర్తుంది, ఐదింటి దగ్గర లేచిన గీత చూసి ఏదో తోచింది, తోచబోయింది, నేను కాగితం తిప్పేశాను, ఆ రోజు తోచనిచ్చి ఉంటే గిరిబాబు ఇవాళ పొద్దున్న కూర్మయ్యకి గొట్టం వేసి కూర్చోబెట్టేవాడు కాదు, ఆ తరవాత పోయిన నాలుగో మనిషి పోయేవాడు కాదేమో, ఏమో కాదు, పోయేవాడు కాదు. గిరిబాబు టవల్ అందిస్తున్నాడు, ఏం మేడమ్ అలా ఉన్నారు అంటున్నాడు, తుడుచుకున్నాను, గిరీ నువ్వు ఇక్కడే ఉండు, నాడి అరగంటకోసారి చూడు, నేను విజయనగరం వెళ్తున్నాను, సంతకానికి కాదు అన్నాను, మరి అక్కడ ఏం చెబుతారు మేడమ్ అన్నాడు, చెప్పవలసింది చాలా చిన్న మాటే, దానికి గ్రాఫులు అక్కర్లేదు, మాకు ఎవరూ చెప్పలేదని కాదు, జగ్గమ్మ వచ్చి చెప్పింది, నేను విన్నాను, రాయలేదు.